హైవే దిగి పాత రోడ్డు పట్టుకోండి: ఓరుగల్లు దారుల్లో పాత కట్టడాలను ఫొటో తీయడం ఎలా

హైదరాబాద్ నుంచి భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద, కారు అద్దంలోంచి చూస్తే ఫొటో తీయదగ్గవి పెద్దగా కనపడవు. దాబాలు, పెట్రోల్ బంకులు, ప్లాట్ల వెంచర్ల బోర్డులు, అంతే. రోడ్డు వెడల్పయ్యేసరికి చాలా ఊళ్లు బైపాస్ అవతలే ఉండిపోయాయి. పాత ఇళ్లు, గడీలు (దొరల పాత భవంతులు), బురుజులు, చెరువు కట్టలు పాత రోడ్డు మీదో, దాని నుంచి చీలిన చిన్న డాంబర్ రోడ్ల మీదో ఉన్నాయి. అందుకే హైవే ఎక్కడ దిగాలో తెలియడంతోనే ఈ పని మొదలవుతుంది.

మన వైపు పాత కట్టడాలు చాలావరకు ఒంటరిగా ఉండవు. కాకతీయుల కాలంలో చెరువు తవ్వించిన చోటే గుడి కట్టించారు, ఆ రెండింటి పక్కనే ఊరు పెరిగింది. పాలంపేటలో రామప్ప గుడికి రామప్ప చెరువు, ఘనపురంలో కోటగుళ్లకు గణపసముద్రం. చెరువును వదిలేసి గుడి ఒక్కటే తీసుకొస్తే, ఆ గుడి అక్కడే ఎందుకుందో ఫొటో చూసేవాళ్లకు ఎప్పటికీ తెలియదు. కింద చెప్పే పద్ధతంతా ఈ ఒక్క విషయం మీద నడుస్తుంది.

ముందు దారి, తర్వాత నెల

ఒక రోజుకు ఒకే దారి పెట్టుకోండి. జనగామ వైపు పోతే రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో సర్దార్ సర్వాయి పాపన్న కోట ఉంది. హైవే మీద పోయేవాళ్లు చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు. కరీంనగర్ రోడ్డు పడితే హుజూరాబాద్ దాటాక శంకరపట్నం మండలంలో మొలంగూర్ ఖిల్లా వస్తుంది. కరీంనగర్ కూడా దాటితే మానేరు పక్కన ఎలగందుల కోట. పరకాల మీదుగా భూపాలపల్లి వైపు పోతే రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనైతే హనుమకొండ, ములుగు, జంగాలపల్లి మీదుగా పాలంపేట దారే చెప్తాను. పాలంపేట దాకా సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఘనపురం కోటగుళ్లు దగ్గరే. గుడి, చెరువు, గుట్ట, పొలం అన్నీ ఒకే రోజులో దొరుకుతాయి.

నెల విషయంలో నా ఓటు అక్టోబరు, నవంబరులకే. వానలు వెనక్కి తగ్గి గాలిలో దుమ్ము కడిగేసినట్టుంటుంది, చెరువులు నిండి ఉంటాయి, బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు విరగబూసి ఉంటాయి. నవంబరు వచ్చేసరికి వరి పసుపు తిరుగుతుంది, పత్తి చేన్లు తెల్లబడతాయి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో చెరువుల మీద మంచు దొరుకుతుంది గానీ అది ఎనిమిది దాటితే ఉండదు. ఫిబ్రవరి చివర, మార్చిలో తాడ్వాయి వైపు మోదుగు ఎర్రగా పూస్తుంది. ఎండాకాలం పనికిరాదని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. ఆకాశం మసకగా ఉండే మాట నిజమే. కానీ చెరువు ఎండితేనే పాత రాతి తూము, కట్ట లోపలి రాళ్ల వరస బయటపడతాయి. మిగతా నెలల్లో అవి నీళ్ల కిందే ఉంటాయి.

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర ఉన్నప్పుడు మాత్రం ములుగు దారిని కట్టడాల కోసం పెట్టుకోవద్దు. జనాన్ని తీయాలనుకుంటే అంతకు మించిన రోజులు లేవు. గోడలను, తోరణాలను తీరిగ్గా చూడాలనుకుంటే ఆ పక్షం రోజులు ఇంకో దిక్కు పోండి.

ముందు రోజు రాత్రి

ఫోనులో శాటిలైట్ మ్యాప్ తెరిచి, మీరు పోయే దారికి రెండు పక్కలా ఐదారు కిలోమీటర్ల దాకా నెమ్మదిగా జరుపుతూ చూడండి. పాత చెరువు కట్ట వంపు తిరిగిన గీతలా కనిపిస్తుంది. నాలుగు మూలలా గుండ్రటి చుక్కలున్న చతురస్రం కనిపిస్తే అది కోటో గడో అయ్యే అవకాశం ఎక్కువ, ఆ చుక్కలు బురుజులు. ఊరి మధ్య ఇరుకు సందుల ముద్ద పాత ఊరు. దాని చుట్టూ తిన్నగా గళ్లు గళ్లుగా ఉన్నది కొత్తగా పెరిగింది. అనుమానం వచ్చిన చోటల్లా పిన్ పెట్టుకోండి. ములుగు దాటాక అడవిలో సిగ్నల్ అన్నిచోట్లా రాదు కాబట్టి ఆ ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

కెమెరా ఏదైనా పర్వాలేదు, మంచి ఫోను చాలు. కెమెరా ఉంటే 24-70 లాంటి ఒక జూమ్ లెన్సు, దూరాన్ని దగ్గరికి లాగే ఇంకో లెన్సు. పవర్‌బ్యాంకు, లెన్సు తుడిచే గుడ్డ, టార్చి, నిండుచేతుల చొక్కా, చెప్పులకు బదులు బూట్లు. గుడిలోకి పోయేటప్పుడు ఎలాగూ విప్పాలి కాబట్టి తొందరగా విప్పేసేలా ఉండే బూట్లు వేసుకోండి. ట్రైపాడ్ గురించి ఒక మాట: కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో చేత్తో ఫొటోలు తీసుకోవచ్చు గానీ ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి. రామప్ప గుడి, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట మూడూ ఆ శాఖ కిందే ఉన్నాయి. డ్రోన్ సంగతి అంతకంటే గట్టిది, అనుమతి లేకుండా సంచిలోంచి తీయనే తీయొద్దు.

బండిలోంచి ఏం చూడాలి

కారు నడిపేవాళ్లు రోడ్డు చూడాలి, పక్కన కూర్చున్నవాళ్లు వెతకాలి. ఒక్కరే పోతుంటే బైకే మేలు, ఎక్కడ పడితే అక్కడ పక్కకు తీయొచ్చు.

బైపాస్ మొదలయ్యే ముందు ఎడమకో కుడికో మెల్లగా చీలిపోయే ఇరుకు రోడ్డు చూడండి, దాదాపుగా అదే పాత రోడ్డు. దాని మీద ఊరి కమాన్ ఉంటుంది. పొలాల మధ్య పొడుగ్గా, ఎత్తుగా ఒక గీతలా మట్టి దిబ్బ, దాని మీద తాటిచెట్ల వరస కనిపిస్తే చెరువు కట్ట. కట్ట మీద ఎక్కడో ఒకచోట కట్టమైసమ్మ ఉంటుంది. ఇళ్ల కప్పుల మీదుగా గుండ్రంగా, పైకి కొద్దిగా సన్నబడుతూ లేచిన మట్టి గోడ బురుజు. పెద్ద చింతచెట్లో, మర్రో గుంపుగా ఒకేచోట ఉంటే వాటి కింద పాత గుడో, బావో, చావడో ఉందేమో చూడాల్సిందే. గూనపెంకల కప్పు కనిపిస్తే వెంటనే వేగం తగ్గించండి. మంగళూరు పెంకులు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నాయి గానీ గూనపెంకల ఇళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. కోతుల బాధకు పడలేక చాలామంది పెంకలు తీసేసి రేకులు వేసుకుంటున్నారు.

ఆగేటప్పుడు

నాలుగు వరసల రోడ్డు మీద కావలసిన మలుపు దాటిపోతే దాటిపోయినట్టే. వెనక్కి రివర్స్ తీయొద్దు, రాంగ్ రూట్లో రావద్దు, ముందుకు పోయి యూటర్న్ తీసుకోండి. బండి మొత్తం తెల్లగీత అవతల మట్టి మీద ఉండాలి. కోతల రోజుల్లో రోడ్డుకు ఒక పక్కన వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఆ రాళ్లు రాత్రిపూట కనపడవు, వడ్ల మీదికి బండి ఎక్కితే జారుతుంది, రైతు నోటికి కూడా చిక్కుతారు. కరీంనగర్ దారిలో గ్రానైట్ లారీలు, భూపాలపల్లి దారిలో బొగ్గు, ఇసుక లారీలు గట్టిగా తిరుగుతాయి. వంతెన మీద, మూలమలుపులో అసలే ఆగొద్దు. ఫ్రేము చూసుకుంటూ ఒక్కో అడుగు వెనక్కి వేయడం ఫొటోలు తీసేవాళ్లందరికీ ఉండే అలవాటు. రోడ్డు పక్కన అది ప్రాణం మీదికి తెస్తుంది, తిరిగి చూశాకే వెనక్కి నడవండి.

ముందు పలకరింపు, తర్వాత కెమెరా

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పల్లెల్లో పాత గుడి దగ్గర, కోట దగ్గర కొత్త మనిషి తిరిగితే మొదట వచ్చే అనుమానం గుప్తనిధులు. లంకెబిందెల కోసం గుళ్లలో నందిని పెకిలించినవాళ్లను, బురుజు పునాది తవ్వినవాళ్లను ఊళ్లు చూసి ఉన్నాయి. మీ భుజానికి పొడుగాటి ట్రైపాడ్ సంచి, చేతిలో టార్చి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. రెండో అనుమానం భూమి. మంచిర్యాల నుంచి వరంగల్ మీదుగా ఖమ్మం వైపు కొత్తగా వేస్తున్న 163జి గ్రీన్‌ఫీల్డ్ హైవే కోసం భూసేకరణ జరిగిన ఊళ్లలో కెమెరా పట్టుకున్నవాణ్ణి చూస్తే జనానికి టెన్షన్. "ఏం సారూ, రోడ్డు సర్వేకు వచ్చిన్రా?" అని నన్ను ఎన్నోసార్లు అడిగారు. అందులో కోపం కన్నా భయమే ఎక్కువ.

కాబట్టి ఊళ్లోకి పోగానే ముందు చాయ్ హోటల్ దగ్గరో కిరాణం దుకాణం దగ్గరో ఆగండి. చాయ్ చెప్పి, ఎక్కడి నుంచి వచ్చారో, ఏం తీయాలనుకుంటున్నారో మీరే ముందు చెప్పండి. ఫోనులో ఇంతకుముందు తీసిన బురుజుల ఫొటోలు రెండు చూపిస్తే సగం అనుమానం అక్కడే పోతుంది. అక్కడున్న పెద్దమనిషిని "తాతా, ఆ బురుజు ఎవరి కాలంది?" అని అడగండి. ఇక ఆయనే లేచి ముందు నడుస్తాడు. పంచాయతీ ఆఫీసులో కారోబార్ ఉంటే ఆయనకూ ఒక మాట చెప్పండి. ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని ఉంటే ఇంటిని తీసే ముందు "అక్కా, మీ దర్వాజ మంచిగున్నది, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని అడగడం మర్యాద. చాలామంది సరే అంటారు, వద్దంటే నమస్కారం పెట్టి కదలండి. చీకటి పడ్డాక మాత్రం పాడుబడ్డ గుళ్ల వైపు పోవద్దు, ఎంత చెప్పినా నమ్మరు. వాళ్ల తప్పూ లేదు.

దూరం నుంచి దగ్గరికి

కట్టడం దగ్గరికి పోగానే శిల్పం మీదికి ఫోను పెట్టేయడం అందరూ చేసే పని. క్రమం తిప్పండి.

మొదటి ఫొటో దూరం నుంచి: చెరువు కట్ట ఎక్కండి, లేదా ఎదురుగా ఉన్న గుట్ట సగం దాకా ఎక్కండి. కట్టడం చిన్నగా ఉన్నా ఫర్వాలేదు, నీళ్లు, పొలం, ఊరు అన్నీ ఒకే ఫ్రేములో పడాలి. రెండోది మధ్య దూరం నుంచి: వీధితో, పక్క ఇళ్లతో, ముందున్న చెట్టుతో. మూడోది ఎదురుగా నిలబడి గోడ మొత్తం. ఆ తర్వాతే తలుపు, గొళ్లెం, దూలం చెక్కడం, గచ్చు పని. చివరగా, ఒప్పుకుంటే, ఆ ఇంటి మనిషి. ఒక మనిషి పక్కన నిలబడితేనే బురుజు ఎంత ఎత్తో తెలుస్తుంది, ఉత్త గోడకు కొలత ఉండదు.

మూడో ఫొటో దగ్గర తిప్పలు ఎక్కువ. ఫోను కొంచెం పైకి వంచితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వంగుతాయి. సెట్టింగులలో గ్రిడ్ గీతలు పెట్టుకుని, ఫోను నిలువుగా, నేలకు లంబంగా పట్టండి. పై భాగం తెగిపోతుంటే ఫోను వంచకండి, వెనక్కి నడవండి. సందు ఇరుకై వెనక్కి పోలేకపోతే ఎదురింటి అరుగో మెట్లో ఎక్కి కాస్త ఎత్తు నుంచి తీయండి, వంపు చాలా తగ్గుతుంది. 0.5 అని ఉండే మరీ వెడల్పు లెన్సు సులువు అనిపిస్తుంది గానీ దగ్గరి నుంచి తీస్తే అంచుల్లో స్తంభాలు సాగిపోతాయి. నేను దాన్ని లోపలి గదులకు తప్ప వాడను. చోటు ఉన్నప్పుడు ఇరవై అడుగులు వెనక్కి పోయి 2ఎక్స్‌లో తీస్తే కట్టడం దాని అసలు కొలతలతో కనిపిస్తుంది.

కరెంటు తీగలు లేని ఊరు లేదు. వాటి కిందికి పోయి, అవి ఫ్రేము పైకి తప్పుకునేంత దగ్గరగా నిలబడడం ఒక దారి. లేదంటే ఉన్నవి ఉన్నట్టు ఉంచండి. యాప్‌తో చెరిపేసిన తీగలతో పాటు ఆ గోడ మీద కిటికీ అంచు కూడా ఒక్కోసారి మాయమవుతుంది, అలాంటి ఫొటో ఊరి రికార్డుగా పనికిరాదు. ఆటో అడ్డం ఉంటే అడగండి, తీస్తారు. ఫ్లెక్సీలు మాత్రం ఎవరూ తీయరు.

పొద్దు ఎటు నుంచి

ఉదయం, సాయంత్రం తీయండి అని అందరూ చెప్తారు. ఏ కట్టడానికి ఏ పూట, ఏ నెల అన్నది చెప్పరు. వరంగల్ భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 18 డిగ్రీల దగ్గర ఉంది. దాని వల్ల కొన్ని సంగతులు ఖాయంగా చెప్పొచ్చు. డిసెంబరులో పొద్దు ఆరున్నర దాటాక, అసలు తూర్పు నుంచి బాగా దక్షిణానికి జరిగి పొడుస్తుంది. మే చివరలో 5.40 ప్రాంతంలోనే, ఉత్తరానికి జరిగి పొడుస్తుంది. చలికాలం మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన ఆకాశంలో సగం ఎత్తులోనే ఉంటాడు. మే మధ్య నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం నెత్తి మీదికి వచ్చి, కొద్దిగా ఉత్తరానికి కూడా జరుగుతాడు.

దీన్ని రామప్ప మీద పెట్టి చూడండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి తూర్పు ముఖం. మండపానికి తూర్పు, దక్షిణ, ఉత్తర దిక్కుల్లో ద్వారాలున్నాయి, ఆ ద్వారాల దగ్గర చూరు కింద నల్లరాతి మదనికలు (నాట్యభంగిమల్లో నిలబడ్డ స్త్రీ శిల్పాలు) ఉన్నాయి. చూరు కింద ఉండడమే ఫొటోకు ఇబ్బంది. పొద్దు పైకెక్కితే చూరు నీడ వాటి మీద పడిపోతుంది, వెనకాల ఆకాశం తెల్లగా మండిపోతుంది, శిల్పం నల్లటి ముద్దలా వస్తుంది. తూర్పు మదనికలకు పొద్దున మొదటి గంటన్నర లోపే వెలుగు అందుతుంది. దక్షిణం వైపు వాటికి నవంబరు నుంచి జనవరి దాకా వెలుగు చాలాసేపు ఉంటుంది, పొద్దు కిందుగా ఉంటుంది కాబట్టి చూరు కిందికి దూరుతుంది. ఉత్తరం వైపు వాటికి మే, జూన్ నెలల చుట్టుపక్కల, అదీ పొద్దు పొడిచాక కాసేపు, పొద్దుగూకే ముందు కాసేపు తప్ప నేరుగా వెలుగు పెద్దగా రాదు. గేటు తెరిచే వేళ ముందే కనుక్కుని పోతే మంచిది.

గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలు నల్లటి డోలరైట్. ఈ రెండూ ఒకే ఫ్రేములో ఉంటే ఫోను తికమకపడుతుంది. మదనిక మొహం మీద వేలు నొక్కి పట్టండి, ఫోకస్, వెలుతురు అక్కడే ఆగిపోతాయి. అప్పుడు పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి. ఆకాశం తెల్లబడినా సరే, శిల్పం కనపడాలి. గుడి మొత్తం తీసేటప్పుడు దీనికి తలకిందులుగా చేయండి: ఆకాశం మీద నొక్కి, వెలుతురు కొంచెం తగ్గించండి. మబ్బు పట్టిన రోజు దొరికితే బాధపడకండి. నల్లరాతి మెరుపు తగ్గి, మదనికల నగల చెక్కడం మబ్బులోనే స్పష్టంగా వస్తుంది. గర్భగుడిలో పూజలు జరుగుతాయి కాబట్టి అక్కడ కెమెరా ఎత్తొద్దు. శిల్పాల మీద నీళ్లు చల్లడం, గీతలు కనపడాలని సుద్దముక్క రుద్దడం లాంటివి కొందరు చేస్తారు. కాపాడుతున్న కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది.

2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి రామప్పకు జనం బాగా పెరిగారు. ఆదివారం, సోమవారం కాకుండా పోతే కాస్త ఊపిరాడుతుంది. గుడి తీశాక చెరువు కట్టకు పోకుండా తిరిగిరావద్దు. కట్ట మీద నుంచి ఒక పక్క నీళ్లు, దూరాన గుట్టలు, ఇంకో పక్క చెరువు కింది పచ్చటి మడులు కనిపిస్తాయి.

వరంగల్ కోటలో కీర్తి తోరణాలు నాలుగు దిక్కులా నాలుగు ఉండడం ఫొటోలు తీసేవాళ్లకు వరం. ఏ వేళకు పోయినా ఒకటి రెండు తోరణాల మీద మంచి వెలుగు ఉంటుంది, ఇంకోటి ఎదురు వెలుగులో నల్లటి ఆకారంలా దొరుకుతుంది. ఒక తోరణం లోంచి ఎదురుగా ఉన్న రెండోది కనపడేలా నిలబడి, 3ఎక్స్ జూమ్‌లో తీసి చూడండి.

గడి దగ్గర

గడీల మాట వేరు. చాలావాటికి సొంతదారులున్నారు, వాళ్లు హైదరాబాద్‌లో ఉండొచ్చు, కాపలా మనిషి మాత్రం ఊళ్లోనే ఉంటాడు. కొన్నింటిలో బడులు, ఆఫీసులు నడిచాయి. కొన్ని సగం కూలి తుమ్మలు మొలిచి ఉన్నాయి. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన లోపలికి పోవద్దు, అడిగే పోండి.

లోపల చీకటి, బయట ఎండ. దర్వాజ లోంచి బయటికి తీస్తే బయట తెల్లగా పేలిపోతుంది. నడిమి వాకిట్లో నిలబడి, వెలుగు పడే పక్కకు వీపు పెట్టి, ఎదురుగా ఉన్న చెక్క స్తంభాల వరసను తీయండి. డంగుసున్నం గోడల మీద పెచ్చులూడిన చోట వెలుగు పక్క నుంచి పడితే లోపలి ఇటుక, రాయి, మట్టి వరసలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఆ గోడ ఎలా కట్టారో చెప్పే ఫొటో అదే, దాన్ని వదలొద్దు.

మిద్దె మీదికి, బురుజు మీదికి ఎక్కొద్దు. కింద నుంచి గట్టిగా కనపడే దూలాలు లోపల చెదలు తినేసి ఉంటాయి. తుప్పల్లో మోటబావులు ఉంటాయి, కొన్నింటికి అంచు గోడ కూడా ఉండదు. చూరు కింద తేనెతుట్టె ఉంటే ఫ్లాష్ వేయొద్దు, పొగ రానీయొద్దు, గట్టిగా మాట్లాడొద్దు. వానాకాలం, ఆ తర్వాత రెండు నెలలు పాములుంటాయి, కర్రతో తట్టుకుంటూ నడవండి.

ఇంకో సంగతి. ఆ గోడలు అందంగా ఉండొచ్చు గానీ వాటి ముందు వెట్టి చేసినవాళ్ల పిల్లలు, మనవలు అదే ఊళ్లో ఉన్నారు. జనగామ జిల్లా కడవెండిలో 1946 జులై 4న తెలంగాణ రైతాంగ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది విసునూరు దొర మనుషుల తుపాకీ తూటాకే. అలాంటి ఊళ్లో ఒక అవ్వ ముందు నిలబడి "ఎంత రాజసమో!" అంటే ఆమె మొహం తిప్పుకుంటుంది. "ఈ గడి ముందు అప్పట్ల ఏం జరిగేది అవ్వా?" అని అడిగి, ఆమె ఒప్పుకుంటే ఆ మాటలు ఫోనులో రికార్డు చేసుకోండి. గడి ఫొటోకు ఆ గొంతు తోడుంటే ఇంకే వివరణా అక్కర్లేదు.

చెరువు, అడవి, గోదావరి

పరిసరాల ఫొటోలకు నియమాలు తక్కువ. ముందు భాగంలో ఏదో ఒకటి ఉండాలి: వరి మడి, పత్తి కొమ్మ, ఒడ్డున కట్టేసిన తెప్ప. నీళ్లలో నీడ కావాలంటే గాలి లేవకముందే తీయాలి, ఫోనును తలకిందులుగా పట్టుకుని లెన్సు నీటికి దగ్గరగా తేవాలి. ఆ చిన్న చిట్కాతో మత్తడి (చెరువు అలుగు) పక్క గుంటలో కూడా మొత్తం గుట్ట నీడ దొరుకుతుంది. తాటివనాల్లో పొద్దున, సాయంత్రం గీత కార్మికులు చెట్లెక్కుతారు. వాళ్లు మీద ఉన్నప్పుడు పిలవొద్దు, దిగాక మాట్లాడి, మళ్లీ ఎక్కేటప్పుడు తీసుకోవచ్చు.

ములుగు చేరేముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర బండ్లన్నీ ఆగుతాయి, కొబ్బరికాయ కొట్టి కదులుతాయి. రోడ్డు, గుడి, మనుషులు కలిసే ఫొటో అక్కడ సులువుగా దొరుకుతుంది. చల్వాయి దగ్గర కుడికి తిరిగితే లక్నవరం. వేలాడే వంతెనను అందరూ తీస్తారు కాబట్టి, మీరు చెరువు చుట్టూ ఉన్న గుట్టలను చూడండి. పస్రా దాటాక తాడ్వాయి మీదుగా రోడ్డు ఏటూరునాగారం అభయారణ్యంలోంచి పోతుంది. అక్కడ రోడ్డు దిగి లోపలికి నడవొద్దు, కోతులకు బిస్కెట్లు వేయొద్దు, పొద్దుగూకాక ఆగొద్దు. ముళ్లకట్ట దగ్గర గోదావరి మీది వంతెన పొడవుగా, చూడముచ్చటగా ఉంటుంది. దాని మీద బండి ఆపే బదులు వంతెన దాటకముందే ఒడ్డు వైపు దిగి, స్తంభాల వరసను పక్క నుంచి తీయండి.

ఇంటికి వచ్చాక

అదే రాత్రి ఫొటోలు రెండు చోట్ల దాచుకోండి. ఒక్కో ఊరికి ఒక్కో ఫోల్డరు పెట్టి ఊరు, మండలం, తేదీ రాసుకోండి. జ్ఞాపకం ఉంటుంది అనుకుంటాం గానీ ఖిలాషాపూర్ బురుజు రాళ్లు, మొలంగూర్ గోడ రాళ్లు దగ్గరి నుంచి తీస్తే ఏది ఏదో ఆర్నెల్ల తర్వాత చెప్పలేం. తాతలు చెప్పిన పేర్లు, కథలు వాళ్ల మాటల్లోనే రాసి, పక్కన "ఊళ్లో చెప్పింది" అని గుర్తు పెట్టండి. చరిత్ర పుస్తకంలో ఉన్నది వేరే వరసలో ఉండాలి, రెండూ కలిపేస్తే తర్వాత చదివేవాళ్లు తప్పు దారి పడతారు.

దిద్దేటప్పుడు గోడలు నిటారుగా చేయండి, నీడలు కాస్త లేపండి, అక్కడితో ఆపండి. ఇసుకరాయి ఎరుపును మందార పువ్వులా చేయడం, ప్రతి ఆకాశాన్నీ నీలంగా మార్చడం ఈమధ్య జబ్బులా పట్టుకుంది.

కాపలా లేని చోట విడిగా పడి ఉన్న విగ్రహం, వీరగల్లు (వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), శాసనం రాయి కనిపిస్తే ఫొటో పెట్టండి గానీ లొకేషన్ పెట్టొద్దు. ఫోటోలో దాగి ఉండే జీపీఎస్ వివరం కూడా తీసేయండి. విగ్రహాల దొంగలూ ఫోన్లు చూస్తారు. ఆ వివరాలు రాష్ట్ర పురావస్తు శాఖకు, ఊరి పంచాయతీకి ఇవ్వండి. పేరున్న, కాపలా ఉన్న కట్టడాల ఫొటోలను మాత్రం వికీమీడియా కామన్స్‌లో తెలుగు వివరణతో పెడితే పది మందికీ ఉపయోగం. ఇంటివాళ్ల ఫొటోలు వాట్సాప్‌లో వాళ్లకు పంపండి, చాయ్ హోటల్ ఆయనకు కూడా.

ప్రతి కట్టడానికీ ఒక్క ఫొటో విషయంలో, నిలబడిన చోటు కూడా రాసుకోండి: "కమాన్ దాటాక రెండో కరెంటు స్తంభం దగ్గర, ఛాతీ ఎత్తులో, 2ఎక్స్, నవంబరు, పొద్దున ఏడున్నర" అని. వచ్చే ఏడు మళ్లీ పోయినప్పుడు అక్కడే నిలబడి, అదే వేళకు, అంతే జూమ్‌తో తీయండి. ఏ మూల పెళ్ల రాలింది, ఏ కప్పు రేకులైంది, కట్ట మీద ఎన్ని చెట్లు మిగిలాయి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే కనపడుతుంది. మీరు పోలేకపోతే ఆ ఊరి పిల్లవాడెవరికైనా మొదటి ఫొటో, ఆ రాత రెండూ పంపండి, తీసి పంపిస్తాడు.